ఇంకొక్కసారి నడువు తాతా

యాదలక్ష్మిని బడిలో అందరూ గుట్కా అని పిలిచేవారు. ఆ పేరు ముందు ఎవరి నోట వచ్చిందో ఆమెకు తెలియదు. ఆరో తరగతిలో చేరిన కొత్తలో ఒకరోజు పద్యం అప్పజెప్పడానికి నిలబడి నోరు తెరిచింది. అన్నాల బెల్లు కొట్టేసరికి ఆ పేరు క్లాసంతా పాకిపోయింది. పైవరస పళ్ల మీద గోధుమరంగు చారలు, అంచుల్లో చిన్న చిన్న గుంటలు. ఏళ్ల తరబడి జర్దా నమిలిన మనిషి పళ్లలా ఉండేవి. ఉప్పుతో రుద్దింది. బొగ్గుపొడితో రుద్దింది. నిమ్మచెక్క పెట్టి చిగుళ్ల నుంచి రక్తం కారేదాకా తోమింది. చిగుళ్లు వాచాయి తప్ప చారలు చెక్కు చెదరలేదు. ఇక లాభం లేదని, ఎవరితో మాట్లాడినా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటు చేసుకుంది.

వాళ్లది నల్గొండ జిల్లాలో మర్రిగూడ దగ్గర ఒక పల్లె. నాన్న శ్రీనివాస్ పట్నంలో కొత్తపేట పండ్ల మార్కెట్లో ట్రాలీ ఆటో నడపడానికి వచ్చి, తర్వాత భార్యను, కూతురిని, తన తండ్రి మట్టయ్యను తెచ్చుకున్నాడు. మార్కెట్ పట్నం శివారు బాటసింగారానికి తరలిపోయినప్పుడు వాళ్లు కూడా దాని వెంటే వెళ్లి, గోదాముల వెనక రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నారు. కూతురిని ఎల్బీనగర్‌లో చేర్పించిన బడి మాత్రం మాన్పించలేదు. "ఇంగ్లీషు బడి. ఒక్కసారి ఇడిసిపెడితే మళ్ల దొరకది" అనేవాడు శ్రీనివాస్. అందుకని యాదలక్ష్మి పొద్దున్నే విజయవాడ రోడ్డు మీద బస్సెక్కి, ఊపిరాడని జనంలో నిలబడి బడికి వచ్చేది.

ఆమె తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు బడిలో కొత్త పద్ధతి పెట్టారు. బడి యజమాని కమలాకర్. ఆయన తాతల కాలంలో ఆ చుట్టుపక్కల జొన్నచేలన్నీ వాళ్లవే. ఎక్కడో ఏదో సదస్సుకు వెళ్లివచ్చి, ప్రార్థన అయ్యాక మైకు పట్టుకున్నాడు. "ఇగ మీకు మీరే టీచర్లు. ఏం నేర్సుకోవాల్నో మీరే ఎంచుకుంటరు, ఎట్ల నేర్సుకోవాల్నో మీరే డిసైడ్ చేస్తరు, ఎవరికెన్ని మార్కులో మీరే ఏసుకుంటరు. మేడం గదిలో ఉంటది గని నోరు తెరువది" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ కార్యక్రమానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరు ఉంది. పిల్లలు మాత్రం దాన్ని సెల్ఫ్ పీరియడ్ అన్నారు.

వారం చివర్లో సర్కిల్ ఉండేది. అందరూ గుండ్రంగా కూర్చుని ఒకరి గురించి ఒకరు దాపరికం లేకుండా చెప్పాలి. సైన్స్ చెప్పే సూర్యప్రభ మేడం గది మూలలో కుర్చీ వేసుకుని కూర్చునేది. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. సౌమ్యురాలు. నియమం అంటే నియమమే ఆమెకు.

మొదటి సర్కిల్‌లో యాదలక్ష్మి వంతు వచ్చింది.

"చెయ్యి అడ్డం పెట్టుకొని మాట్లాడ్తది. ఒక్క ముక్క సమజ్ కాదు" అని ఒకరు మొదలుపెట్టారు.

"చెయ్యి తీస్తే ఇంకా ఘోరం" అని మరొకరు అందుకున్నారు. నవ్వులు.

"నాకు పక్కన కూర్చోబుద్ధి కాదు. నిజం చెప్పమన్నరు కదా, చెప్తున్న" అంది ఇంకో అమ్మాయి, ఎంతో మర్యాదగా.

ఇంతకుముందు ఇలాంటి మాటలు మెట్ల దగ్గర, నల్లా దగ్గర అనేవారు. టీచర్ కనబడితే ఆపేవారు. ఇప్పుడు టీచర్ ఎదుటే, వంతుల ప్రకారం, చెయ్యెత్తి మరీ అన్నారు. సూర్యప్రభ మేడం కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. చివర్లో కార్యక్రమం నియమం ప్రకారం యాదలక్ష్మి "థాంక్యూ" అనాలి. అంది.

ఎంచుకున్న విషయం నేర్చుకోవడానికి పిల్లలు గ్రూపులు కట్టారు. ఆమెను ఏ గ్రూపూ చేర్చుకోలేదు. ఒంటరిగా లైబ్రరీ గదిలో కూర్చుని, ఏం ఎంచుకోవాలో తెలియక, తన పళ్ల గురించే వెతికింది. బడి కంప్యూటర్లో తన నోరులాంటి నోళ్లే బారులుగా కనిపించాయి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే చిగుళ్ల కింద కొత్త పళ్లు తయారయ్యే వయసు పిల్లలకు ఇలా అవుతుందట. పెద్దవాళ్లకు ఎముకల్లో పేరుకుని వెన్ను వంగిపోతుందట. చదువుతుంటే ఆమెకు తాత మట్టయ్య కళ్ల ముందు మెదిలాడు. నడుం దగ్గర రెండుగా మడతపడిన మనిషి. మెడ తిరగదు. పక్కనెవరైనా పిలిస్తే మొత్తం ఒళ్లు తిప్పి చూడాలి. దేవుని రాత అనుకుంటూ వచ్చారు ఇంట్లో అందరూ. ఊళ్లో బోరింగు నీళ్లని, తనకూ తాతకూ ఒకటే జబ్బని ఆమెకు ఆ గదిలో తెలిసింది.

తర్వాతి సర్కిల్‌లో చెయ్యి కిందికి దించి మాట్లాడింది. "ఇది గుట్కా కాదు. నేను ఎన్నడూ తినలే. మా ఊర్ల నీళ్లు గట్లుండె. మా తాతకైతే నడుమే వంగిపోయింది" అని మొదలుపెట్టి, చదివిందంతా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. సూర్యప్రభ మేడం మొదటిసారి కుర్చీలోంచి ముందుకు వంగి వింది. ఆ రోజు బస్సులో యాదలక్ష్మికి కూర్చోవడానికి సీటు దొరకలేదు, అయినా ఎంత సంతోషంగా ఉందంటే హయత్‌నగర్ ఎప్పుడు దాటిందో తెలియలేదు.

మర్నాడు శృతి వచ్చి పక్కన కూర్చుంది. శృతి క్లాసులో ఫస్ట్. బాగా మాట్లాడుతుంది. ఆమెతో పాటు గౌతమ్ ఉంటాడు. వాడి దగ్గర మంచి ఫోనుంది, వీడియోలు తీసి అతికించడం వాడికి బాగా వచ్చు.

"మా గ్రూపులకు రా యాదలక్ష్మీ. నీ టాపిక్ మస్తుంది. బడి ఎగ్జిబిషన్‌ల స్టేజీ మీద పెడ్దాం" అంది శృతి.

బడిలో తనను పూర్తి పేరు పెట్టి పిలిచిన మొదటి పిల్ల శృతి. ఆ పిలుపు కోసం యాదలక్ష్మి ఏమైనా చేసేది.

ఆ తర్వాతి రోజులు నిజంగానే బాగున్నాయి. ఊరికి వెళ్లొస్తున్న బంధువు చేత పాత బోరింగు నీళ్లు సీసాలో తెప్పించింది. సూర్యప్రభ మేడం పరీక్ష చేసే పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లి కూర్చుంది. ముగ్గురూ కాగితం చదువుకుని మందు చుక్కలు వేశారు. బడి నల్లా నీళ్లు గులాబీరంగులో ఉండిపోయాయి. ఊరి నీళ్లు చూస్తుండగానే పసుపుపచ్చగా తిరిగాయి. "అరే!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు. శృతి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

అప్పుడే శృతి అంది, "మీ తాతను వీడియో తియ్యాలె. జనం సీసలు చూస్తరా? మనిషిని చూస్తరు."

ఒక ఆదివారం శృతి వాళ్ల కారు శృతినీ గౌతమ్‌నూ బాటసింగారంలో దింపింది. శ్రీనివాస్ మార్కెట్లో ఉన్నాడు, తల్లి సుమిత్ర గోదాములో కాయలు ఏరే పనికి వెళ్లింది. కుళ్లిన బత్తాయిల వాసనకు గౌతమ్ ముక్కు మూసుకున్నాడు. మట్టయ్య మాత్రం ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వించుకుని, గడపలో కర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మనవరాలి స్నేహితులు ఇంటికి రావడం అదే మొదలు.

"మీదే ఊరు బిడ్డా? మీ నాయిన పేరేంది?" అని శృతిని అడిగాడు, ఒళ్లంతా తిప్పి.

"ఎల్బీనగరే తాతా."

"మంచిది, మంచిది. మా పిల్లకు నోట్ల నాలిక లేదు. జర సూసుకోన్రి."

వాళ్లు నడవమన్నప్పుడు సంబరంగా లేచాడు. కర్ర తాటించుకుంటూ, ముఖం నేలకు పెట్టి, వాకిట్లో అటు చివరిదాకా నడిచి వచ్చాడు. వెలుతురు ఎదురుగా ఉందన్నాడు గౌతమ్. మళ్లీ నడిచాడు. వెనక రోడ్డు మీద లారీ హారన్ మోగి మాట వినబడలేదు. మళ్లీ నడిచాడు. అప్పటికి రొప్పుతున్నాడు, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

శృతి ఫోనులో చూసి పెదవి విరిచింది. "కట్టె ఉంటే అందరి ముసలోళ్ల లెక్కనే ఉంది. కట్టె లేకుంటే తెలుస్తది, ఎంత కష్టమో."

"కట్టె లేకుంటే నడువలేడు శృతీ" అంది యాదలక్ష్మి.

"నడువలేడనే కదా మనం చూపెట్టేది. ఒక్కసారి, అంతే. నువ్వు చెప్తే ఇంటడు. చెప్పవా?" ఆ చివరి మాటలో ఏదో కరుకుదనం ఉంది. చెప్పకపోతే సోమవారం నుంచి ఎక్కడ కూర్చోవలసి వస్తుందో యాదలక్ష్మికి తెలుసు.

ఆమె తాత దగ్గరికి వెళ్లి ఆయన చేతిలోని కర్ర తీసుకుంది. "తాతా, జర ఇంకొక్కసారి నడువు. కట్టె లేకుండ."

మట్టయ్య ఆమె ముఖం చూడాలని ప్రయత్నించాడు గానీ మెడ లేవలేదు. "కట్టె లేకుండనా? సరే తియ్, నువ్వన్నవంటే నడుస్త" అన్నాడు.

రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కదిలాడు. వాకిలి సగం దాటాక కాలు మెలిపడింది. చేతులు చాపి ఆపుకోవడానికి వంగిన నడుం వీలివ్వలేదు. పక్కకు, మూట పడ్డట్టు పడ్డాడు. లోపల ఎక్కడో విరిగిన చప్పుడు యాదలక్ష్మికి వినిపించింది. ఆయన అరవలేదు. నోరు తెరిచి గాలి కోసం వెతుక్కున్నాడు. గౌతమ్ భయంతో బిగుసుకుపోయాడు. చేతిలో ఫోను మాత్రం దించలేదు.

కారు వచ్చింది. శృతి, గౌతమ్ వెళ్లిపోయారు. ఇరుగుపొరుగు వాళ్లు శ్రీనివాస్‌ను పిలుచుకొచ్చారు.

దవాఖానలో డాక్టర్ ఎక్స్‌రే చూసి తుంటి దగ్గర విరిగిందన్నాడు. ఈ జబ్బున్నవాళ్ల ఎముకలు పైకి గట్టిగా కనిపిస్తాయట, లోపల పెళుసట. రాడ్డు వేసినా పట్టు నిలవదు, ఇంటికి తీసుకుపోయి పడుకోబెట్టి చూసుకోమన్నాడు.

వరండాలో శ్రీనివాస్ కూతురిని అడిగాడు. "ఎట్ల వడ్డడే?"

"బయటికి పోదామని లేచిండు. కాలు జారింది."

"కట్టె ఏడవోయింది?"

బల్ల మీద పడుకున్న మట్టయ్య కళ్లు తెరవకుండానే అన్నాడు, "నేనే ఇడిసిపెట్టిన రా. ముసలిపానం, మతికి లేదు."

ఆ అబద్ధం తాతా మనవరాలి మధ్య మిగిలింది. ఆయన దాని గురించి మళ్లీ ఎత్తలేదు. ఆమె ఒళ్లు తుడిచేటప్పుడు, పక్క మార్చేటప్పుడు పళ్లు బిగబట్టి "మెల్లగ బిడ్డా" అనేవాడు, అంతే.

సోమవారం బడిలో ఆమె గౌతమ్‌ను బతిమాలింది. "గా పడ్డది తీసెయ్. నీ కాల్మొక్త."

గౌతమ్ శృతి వైపు చూశాడు. శృతి కళ్ల కింద నలుపు ఉంది, ఆ పిల్ల కూడా నిద్రపోయినట్టు లేదు. అయినా గొంతు గట్టిగానే ఉంది. "నాకూ బాధైంది యాదలక్ష్మీ. కానీ తీసేస్తే ఏం మిగుల్తది చెప్పు? మీ తాత పడ్డదానికి ఒక అర్థం ఉండాలె కదా. గ్రూపుల ఓటేద్దాం. అదే రూల్."

ఓటేశారు. ఇద్దరు ఒక వైపు, ఆమె ఒక వైపు.

యాదలక్ష్మి స్టాఫ్ రూముకు వెళ్లి సూర్యప్రభ మేడంకు జరిగింది చెప్పింది. కర్ర సంగతి కూడా చెప్పింది. మేడం చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"నేను కలగజేసుకోకూడదమ్మా. సార్ గట్టిగా చెప్పారు. మీ గ్రూపు నిర్ణయం మీదే. నువ్వే వాళ్లని ఒప్పించుకోవాలి. అది కూడా నేర్చుకోవడమే కదా" అంది. ఆ మాటలు అంటున్నప్పుడు ఆమె ముఖం ఎత్తలేదు.

ఎగ్జిబిషన్‌కు తల్లిదండ్రులను రమ్మని బడి నుంచి ఫోనుకు మెసేజ్ వచ్చింది. రావద్దని యాదలక్ష్మి ఎంత చెప్పినా శ్రీనివాస్ వినలేదు. "మా పిల్ల స్టేజీ ఎక్కుతదట" అని మార్కెట్లో అందరికీ చెప్పుకున్నాడు. సుమిత్రను తండ్రి దగ్గర ఉంచి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ట్రాలీని బడి గోడ పక్కన కార్ల మధ్య ఇరికించి, ముందువరుసలో ఖాళీ కుర్చీ చూసి కూర్చున్నాడు.

ముందు సీసాలు చూపించారు. రంగు మారినప్పుడు జనం తలలూపారు. తర్వాత లైట్లు ఆర్పి తెర మీద వీడియో వేశారు. గోడంత పెద్దగా మట్టయ్య కనిపించాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. ఒక ఆడపిల్ల చెయ్యి తెర అంచు నుంచి వచ్చి ఆయన కర్ర తీసుకుంది. "తాతా, జర ఇంకొక్కసారి నడువు. కట్టె లేకుండ" అన్న గొంతు పెద్ద స్పీకర్లలోంచి హాలంతా మోగింది.

ఆయన నడిచాడు. పడ్డాడు. "అయ్యో" అని జనం ఒక్క గొంతుతో అన్నారు. కొందరు ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇది మన నీళ్లు చేసిన పని. ఒక మనిషి తన వాకిలి దాటలేడు" అంది శృతి మైకులో. ఆ పిల్ల గొంతు నిజంగానే వణికింది.

లైట్లు వెలిగాక కమలాకర్ స్టేజీ ఎక్కి యాదలక్ష్మి భుజం పట్టి ముందుకు తెచ్చాడు. "ఈమె మనుమరాలు. అమ్మా, ఒక్కసారి పళ్లు చూపియ్. సిగ్గెందుకు? అందరు చూడాలె." ఆమె నోరు తెరిచింది. ఫోనులు లేచాయి. చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్ల మధ్య ఆమె కళ్లు ముందువరుసలో నాన్న మీద పడ్డాయి. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని తెర వైపే చూస్తున్నాడు. తెర మీద అప్పటికి ఏమీ లేదు. పక్కనున్న మనిషి మోచేత్తో పొడిచి "మీ పాపనా?" అన్నాడు. శ్రీనివాస్ తలూపాడు. తర్వాత అతనూ చప్పట్లు కొట్టాడు.

మొదటి బహుమతి వాళ్లకే వచ్చింది.

ట్రాలీలో ఇంటికి వస్తున్నప్పుడు శ్రీనివాస్ తిడతాడేమో, కొడతాడేమో అని యాదలక్ష్మి దారంతా ఎదురుచూసింది. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక అన్నాడు, "మీ అమ్మకు చెప్పకు." అంతే. ఆ రోజు నుంచి కూతురిని పేరు పెట్టి పిలవడం మానేశాడు. అన్నం తిన్నావా, ఫీజు కట్టాలా, బస్సు వచ్చిందా అనేవాడు, గోడతో మాట్లాడినట్టు. తండ్రి మంచం దగ్గరికి వెళ్లినప్పుడు కూతురు అక్కడుంటే వెనక్కి తిరిగేవాడు.

తర్వాతి సర్కిల్‌లో గ్రూపు లెక్కలు తేల్చుకున్నారు. "నీ వల్లనే గెల్చినం, ఒప్పుకుంటున్న. కానీ లాస్ట్‌ల మాకు సపోర్ట్ చెయ్యలే నువ్వు" అంది శృతి. "వీడియో తీసెయ్యమని లొల్లి చేసింది. టీమ్ వర్క్ తక్కువ" అన్నాడు గౌతమ్, కాగితం చూసి చదువుతూ. ముగ్గురిలో తక్కువ మార్కులు ఆమెకు పడ్డాయి. నువ్వేం నేర్చుకున్నావని అడిగితే "నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎట్ల చూడాల్నో" అని చెప్పి, థాంక్యూ అని కూర్చుంది. గుట్కా అనే పేరు ఆ తర్వాత ఎవరూ వాడలేదు. ఫ్లోరైడ్ అని పిలవడం మొదలుపెట్టారు.

ఆ ఎండాకాలం బడిలో చేర్పుల కోసం కమలాకర్ రోడ్డు వెంట ఫ్లెక్సీలు కట్టించాడు. స్వయంగా నేర్చుకునే బడి అని పెద్ద అక్షరాలు, కింద నోరు తెరిచి నిలబడిన యాదలక్ష్మి. శ్రీనివాస్ పండ్ల లోడుతో రోజూ దాని కింద నుంచే వెళ్లేవాడు.

మట్టయ్యకు వీపు మీద పుండ్లు లేచాయి. సుమిత్ర పనికి పోవడం తగ్గించి చూసుకుంది. తన మామ కాలు జారి పడ్డాడనే ఆమె ఇప్పటికీ అనుకుంటుంది. వానలు మొదలైన వారంలో ఆయన పోయాడు. పోయేముందు మాట పడిపోయింది. అందుకని ఎవరికీ ఏదీ చెప్పే వీలు లేకపోయింది.

యాదలక్ష్మి పదో తరగతి పాసై ఇప్పుడు సర్కారు కాలేజీలో ఇంటర్ చదువుతోంది. తాత పోయి ఏడాది దాటాక ఒక సాయంత్రం శ్రీనివాస్ వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఎన్నాళ్ల తర్వాతో ఆమె ముఖం చూశాడు.

"గా వీడియో ఉన్నదా నీ దగ్గర?"

"లేదు డాడీ. గౌతమ్ దగ్గరుంటదేమో."

"తెస్తవా? నాయిన నడిచింది గదొక్కటే ఉన్నది. ఫొటో ఉంటే ఆధార్ కార్డుదే. మనిషి కదిలేది ఏడ లేదు."

గౌతమ్ చైతన్యపురిలో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్నాడు. కబురు పంపితే కిందికి దిగివచ్చాడు. సన్నబడ్డాడు, కళ్లద్దాలు వచ్చాయి. ఫోనులో చాలాసేపు వెతికి, దొరికాక తల ఎత్తకుండా అడిగాడు, "ముందట నీ వాయిస్ ఉంది. కట్ చేసి ఇయ్యాల్నా? ఒక్క నిమిషం పని."

రోడ్డు మీద బస్సులు, పైన మెట్రో.

"వద్దు. ఉండనీ" అంది యాదలక్ష్మి.

శ్రీనివాస్ ఆ వీడియోను ట్రాలీలో కూర్చుని, లోడు ఎక్కేదాకా చూస్తుంటాడు. పడే ముందు ఆపేస్తాడు. మళ్లీ మొదటి నుంచి పెడతాడు. మార్కెట్‌కు అన్నం తీసుకుని వెళ్లినప్పుడు యాదలక్ష్మికి కొద్ది దూరం నుంచే తన గొంతు వినిపిస్తుంది. అది పూర్తయ్యేదాకా అక్కడే నిలబడి, తర్వాత వెళ్లి గిన్నె ఇస్తుంది.